సముద్రమునకు అయిదడుగుల ఎత్తున

కొల్లేటి అభయారణ్యపు సరిహద్దును అయిదవ కాంటూరునుండి మూడవ కాంటూరునకు దింపవలెనను మాట మన మండలమున చావని మాట. 2008 సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ మేరకు తీర్మానించినది. కేంద్రప్రభుత్వము నియమించిన అజీజు సంఘమువారు వచ్చి సరస్సును పరిశీలించి, కుదింపరాదని నివేదించిరి. అయినను ఆ మాట చావలేదు. ఎన్నికలు వచ్చినపుడెల్ల లేచి కూర్చుండును. ఇటు పక్షమువారును అటు పక్షమువారును దానిని భుజములపై నెత్తుకొని లంకగ్రామములలో ఊరేగింతురు. ఓట్లు పడగనే అది మరల పండుకొనును.

ఈ వివాదములో మాకు మిక్కిలి విచిత్రముగ దోచు సంగతి యొకటి కలదు. అయిదవ కాంటూరనగా నేమి యని ఏలూరి బజారులో పదిమంది నడిగి చూడుడు. అడవిశాఖవారి గీత యని యొకరు, సుప్రీంకోర్టువారి గీత యని యొకరు, చెఱువుల త్రవ్వరాదను గీత యని వేఱొకరు చెప్పుదురు. సముద్రమట్టమునకు అయిదడుగుల ఎత్తున భూమిపై నున్న గీత యని చెప్పువారు అరుదు. అయిదడుగులు! పదునాలుగేండ్ల బాలుని నిలువెత్తు. తీరమునుండి ఎన్నో మైళ్లు లోపలనున్నామని ధైర్యముతో నిద్రించుచున్న ఈ కొల్లేటినాడు సముద్రమునకు ఎగువన ఉన్నది బాలుని నిలువెత్తు మాత్రమే.

ఆ సముద్రము నిలకడగ నున్నచో మేమీ వ్యాసమును వ్రాయకయే యుందుము. అది నిలకడగ లేదు. 1901 మొదలు 2018 వఱకు ప్రపంచ సముద్రముల సగటు మట్టము 20 సెంటీమీటర్లు, అనగా ఎనిమిదంగుళములు, పెరిగినదని ఐక్యరాజ్యసమితి పక్షమున సకలదేశముల శాస్త్రజ్ఞులు కూడి తేల్చిరి. ఈ శతాబ్దము ముగియునప్పటికి, లోకము మిక్కిలి జాగ్రత్తపడినను సుమారొక అడుగు, పడనిచో మూడడుగులవఱకు పెరుగవచ్చునని వారి అంచనా. సముద్రము మూడడుగుల గీతవైపునకు పైకి ప్రాకుచుండగా, మన శాసనసభ్యులు కొల్లేటి గీతను మూడడుగులకు క్రిందికి దింపుడని తీర్మానించిరి! ఇరువురును ఒకే చోట కలిసికొందమని ముందుగ నిర్ణయించుకొన్నట్లున్నది.

ఇందు అతిశయోక్తి యేమియు లేదు గాని, సంగతి సూక్ష్మముగ గ్రహింపవలసి యున్నది. సముద్రము కొల్లేటిపైకి ఒక్క కెరటమున రాదు. అది ఉప్పుటేటి మార్గమున వచ్చును. కొల్లేటికి వచ్చు నీరు అనేకము: బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇవికాక దాదాపు డెబ్బది చిన్న పెద్ద కాలువలును మురుగుకోడులును. పోవు దారి మాత్రము ఒక్కటియే. సుమారు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి బంగాళాఖాతమున కలియు ఉప్పుటేరే ఆ దారి. ఆ 60 కిలోమీటర్ల దూరమునకును ఉన్న వాలు ఆ కొలది అడుగులే. క్రింద సముద్రము అంగుళ మంగుళముగ లేచుకొలది ఈ వాలు తఱుగును. వాలు తఱిగినచో వఱద నీరు దిగుటకు మూడు దినములు పట్టవలసినచోట వారము పట్టును, వారము పట్టవలసినచోట పక్షము పట్టును. వేసవిలో ఎగువ నీరు సన్నగిల్లినపుడు అదే దారిన ఉప్పునీరు ఎదురెక్కి సరస్సున జొరబడును. ఉప్పుటేటిపై అడ్డుకట్టల మాట, రెగ్యులేటర్ల మాట ఏండ్లతరబడి వినుచున్నాము. వినికిడితో ఉప్పు ఆగునా?

ఇక నేల సంగతి. సముద్రము పెరుగుట యొక్కటే కాదు, నేల క్రుంగుటయు కలదు. మన డెల్టాలు గోదావరి కృష్ణలు వేలాది సంవత్సరములు మోసుకొని వచ్చిన ఒండ్రుతో ఏర్పడినవి. ఎగువ జలాశయములలో ఆ ఒండ్రు ఆగిపోవుచున్నది. మీద క్రొత్త మన్ను పడని డెల్టా తన బరువునకు తానే అణగును. ప్రపంచమున క్రుంగుచున్న డెల్టాలను లెక్కించిన శాస్త్రజ్ఞులు 2009 లోనే కృష్ణా గోదావరులను ఆ పట్టికలో చేర్చిరి. నరసాపురము మండలమున పెదమైనవానిలంక ఒడ్డుననున్నవారిని అడుగుడు. సముద్రము ఎవరి కొబ్బరితోటను ఏ యేట తీసికొన్నదో వారు పేరుపేరున చెప్పగలరు.

కొల్లేరు పదవ కాంటూరువఱకు నిండినచో 901 చదరపు కిలోమీటర్లు, అయిదవ కాంటూరువఱకు 308 చదరపు కిలోమీటర్లు. ఈ రెండంకెలకును నడుమ నున్న తేడాయే మన ప్రాణరక్ష. ఎగువనుండి వఱద విరుచుకొనిపడినపుడు సరస్సు విప్పారి దానిని తనలో ఇముడ్చుకొని, పిదప మెల్లమెల్లగా ఉప్పుటేటికి విడుచును. మన పెద్దలు ఏ యింజనీరునకును జీతమీయకయే ఈ ఏర్పాటు అనుభవించిరి. 1999 లో ప్రభుత్వమువారు అయిదవ కాంటూరువఱకు దీనిని వన్యప్రాణుల అభయారణ్యముగ ప్రకటించిరి. 2002 లో రాంసారు ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల తడినేలల పట్టికలోనికిని ఇది ఎక్కినది. పట్టికకెక్కిన కొల్లేటిలోపల చేపలచెఱువుల కట్టలును ఎక్కుచునే యున్నవి. ఆ కట్టలు విప్పారవలసిన సరస్సునకు వేసిన బిగింపులు. సంచి మూతిని కట్టివైచి అందులో ధాన్యము పోయుచున్నాము.

ఫలితము 2024 లో చూచితిమి. ఆగస్టు 31వ తేదీన విజయవాడపై ఒక్కనాటిలో పాతిక సెంటీమీటర్లకు మించి వాన కురిసినది. బుడమేటికి గండ్లు పడినవి. సింగునగరము మొదలగు పేటలలో మొదటి అంతస్తులవఱకు నీరెక్కి దినములతరబడి దిగలేదు. అదే సమయమున ప్రకాశము ఆనకట్టవద్ద కృష్ణ 11 లక్షల 43 వేల క్యూసెక్కులతో పాఱుచుండెను. విజయవాడ దుఃఖమును లోకమంతయు చూచినది. ఆ బుడమేరు అచట ముగియదనియు, ఆ నీరంతయు కొల్లేటికే రావలెననియు తలచినవారు కొలదిమంది. కెమెరాలవారు మరలిపోయిన పిదప ఆ నీరు మన లంకలకు వచ్చినది. ఏలూరు కైకలూరు బాటపై ఎడ్లగాడివద్ద రాకపోకలు ఆగినవి.

ఆ యేడే జూలైలో ఎఱ్ఱకాలువ పొంగి తాడేపల్లిగూడెము, నిడదవోలు ప్రాంతముల నాట్లను ముంచినది. అదే మాసమున మన్యము అంచున పెదవాగు జలాశయపు కట్ట తెగి వేలేరుపాడు, కుకునూరు మండలములపై బడినది. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగు తుపాను బాపట్లవద్ద తీరము దాటినపుడు మన సార్వా పంట పనలమీదను కళ్లములలోను ఉన్నది. తడిసిన ధాన్యమును చేతపట్టుకొని రైతు కొనుగోలు కేంద్రమునకు పోగా, తేమ 17 పాళ్లకు మించినదని త్రిప్పి పంపిరి. 2022 జూలైలో గోదావరి ధవళేశ్వరమువద్ద 25 లక్షల క్యూసెక్కులు దాటినది. అంతటి వఱద ఆగస్టులో వచ్చుట పెద్దలెఱుగుదురు, జూలైలో వచ్చుట వారికిని క్రొత్త. 2020 అక్టోబరులో తమ్మిలేరు ఏలూరి పేటలలోనికి వచ్చినది. 2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి మొంథా తుపాను మన నరసాపురము చేరువనే తీరము దాటినది. ఈ పట్టికను ఇంకను పొడిగింపగలము గాని పాఠకులకు ఇది తెలియనిది కాదు. ఒక్కొక్కటి విడివిడిగ అందఱును ఎఱుగుదురు. అన్నిటిని ఒక త్రాట గ్రుచ్చి చూచుటయే మనకు అలవాటు కాలేదు.

'తుపానులు క్రొత్తవా? మా తాతల కాలమున లేవా?' అందురు. లేకేమి? 1864 లో బందరును ముంచిన ఉప్పెన ఉన్నది. 1832, 33 సంవత్సరముల నాటి నందన కఱవు ఉన్నది. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమలో పదివేలమందిని పొట్టనబెట్టుకొన్న ఉప్పెనను మఱచిన ఆంధ్రుడు లేడు. ఏ యొక్క తుపానునైనను పట్టుకొని, ఇది కేవలము భూతాపమువలననే వచ్చినదని మేమనము. అట్లనుట తర్కము కాదు. కాని న్యాయస్థానములలో తిరుగు మావంటివారికి మఱియొక సంగతి తెలియును. దొంగ పాతవాడే కావచ్చును. వానికి క్రొత్తగ నిచ్చెన వేసి యిచ్చినవాడు వేఱుగ ఉండవచ్చును. ఆ నిచ్చెన వేసినవానిని విచారింపనక్కఱలేదని ఏ ధర్మశాస్త్రమును చెప్పదు.

నిచ్చెన యేదనగా: గాలి వేడెక్కిన ప్రతి డిగ్రీకిని దానిలో ఇముడు నీటియావిరి సుమారు 7 పాళ్లు పెరుగును. పారిశ్రామిక యుగమునకు ముందు గాలిలోని పది లక్షల పాళ్లలో బొగ్గుపులుసు వాయువు 280 పాళ్లుండెను. నేడు 420 దాటినది. అది దుప్పటివలె భూమిని కప్పి వేడిమిని బయటికి పోనీయదు. బొగ్గు కాల్చుటవలన భూమి వేడెక్కునని స్వీడను శాస్త్రజ్ఞుడు అరీనియసు 1896 లోనే లెక్క కట్టియుండెను. 2024 సంవత్సరము మానవులు కొలుచుట నేర్చినది మొదలు అన్ని సంవత్సరములకంటె వేడియైన సంవత్సరము. పూర్వపు మట్టముకంటె ఇంచుమించు ఒకటిన్నర డిగ్రీ హెచ్చు. వేడెక్కిన సముద్రము తుపానునకు ఇంధనము. వేడెక్కిన గాలి పెద్ద కడవ. నిండుటకు ఎక్కువకాలము పట్టును గాన నడుమ నడుమ ఎండలు, నిండినపిదప ఒక్కసారిగ కుమ్మరించును గాన వఱదలు. ఒకే యేట నారుమళ్లు ఎండుటయు, అదే యేట పనలు మునుగుటయు పరస్పర విరుద్ధములు కావు. రెండును ఒకే తల్లి పిల్లలు.

ఎండ మాటయు ఒకింత చెప్పవలెను. 2015 మే మాసమున ఉభయ తెలుగు రాష్ట్రములలో వడగాడ్పుకు బలియైనవారు వేయిమందికి పైగా ఉన్నారు. వారిలో నీడపట్టున కూర్చుండువారు లేరు. రోడ్డు పనివారు, గొఱ్ఱెల కాపరులు, ఉపాధి పనులకు పోయిన ముదుసళ్లు. వడదెబ్బ చావునకు ఉప్పెన చావునకున్న ఆర్భాటము లేదు. శవము ఇంటనే ఉండును, ఊరు ఏమియు మునిగియుండదు. 'ముసలివాడు, పోయినాడు' అని యూరకుందురు. వరిచేను సహితము రాత్రి వేడిమికి ఓర్వలేదు. ఫిలిప్పీన్సు దేశమున అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు 1979 మొదలు 2003 వఱకు కొలిచి, రాత్రిపూట కనీసపు వేడిమి ఒక డిగ్రీ పెరిగినచో వేసవి వరి దిగుబడి పదవవంతు తఱుగునని తేల్చిరి. మన దాళ్వా వేసవి వరియే గదా! తాడేపల్లిగూడెపు మిల్లులు, వాని గుమాస్తాలు, బస్తాలు మోయు కూలీలు, ఆ మిల్లుల వడ్డీపై బ్రతుకు వర్తకులు, వీరందఱి బ్రతుకును ఆ రాత్రి వేడిమిలోనే ఉన్నది. చేపలరైతునకును తప్పించుకొను దారి లేదు. నీరు వేడెక్కినకొలది దానిలో ప్రాణవాయువు తఱుగును. తెల్లవాఱుజామున శీలావతి, బొచ్చె తలలెత్తి నోళ్లు తెఱచుట చూచిన చెఱువుకాపు ఎవ్వడును ఈ మాటను కాదనడు.

మధ్యధరాసముద్రము ఒడ్డుననున్న దేశములను చూడుడు. అవి మనకంటె సంపన్నములు, చదువు హెచ్చుగలవి. 2023 సెప్టెంబరులో గ్రీసు దేశపు థెస్సలీ మైదానముపై డానియేలు తుపాను పడినపుడు ఒకానొక చోట ఒక్కనాడే 70 సెంటీమీటర్లకు మించి వాన కురిసినది. ఆ మైదానమున కార్ల అను సరస్సొకటి ఉండెడిది. 1962 లో దానిని ఎండగట్టి పొలములు చేసికొనిరి. పిమ్మట పశ్చాత్తాపపడి కొంతభాగమున మరల నీరు నిలిపిరి. ఆ తుపాను నాడు సరస్సు తన పాత గట్లవఱకు తానే వచ్చి, పొలములను, పశువుల దొడ్లను, ఊళ్లను తిరిగి ఆక్రమించుకొన్నది. సరస్సునకు దస్తావేజులు చదువరావు. కొల్లేటిలో పట్టాలు చూపి నీటిని ఆపగలమనుకొనువారు కార్ల సరస్సు కథను పదిమార్లు చదువుకొనవలెను.

అదే తుపాను సముద్రము దాటి లిబియా దేశమున డెర్నా పట్టణమునకు ఎగువనున్న రెండానకట్టలను ఒక్కరాత్రిలో త్రెంచి వేలమందిని సముద్రమున కలిపినది. ఆ యానకట్టలు నిలువవని అంతకు ముందు సంవత్సరమే ఆ దేశపు శాస్త్రజ్ఞుడొకడు వ్రాసియుండెను. చదివినవారు లేరు.

మఱి స్పెయిను దేశపు వలెన్సియా కథ మనకు అద్దమువంటిది. ఆ నగరమునకు దక్షిణమున అల్బుఫేరా అను సరస్సు ఉన్నది. చుట్టును వరిపొలములు, లోపల చేపల వేట, పైన పక్షులు; అదియు రాంసారు పట్టికలోనిదే. 2024 అక్టోబరు 29వ తేదీన ఎగువ కొండలలో వాన కురిసి, ఎప్పుడును ఎండియుండు వాగు ఒకటి పొంగి, ఊళ్ల వెంబడి ఆ సరస్సునకు పరుగెత్తినది. 220 మందికి పైగా మరణించిరి. వాతావరణశాఖవారు ఉదయముననే అత్యున్నతమైన ఎఱ్ఱ హెచ్చరిక చేసియుండిరి. కాని జనుల సెల్‌ఫోనులకు ప్రభుత్వపు హెచ్చరిక చేరినది రాత్రి 8 గంటలు దాటిన తరువాత. అప్పటికే వీధులలో కార్లు తేలుచుండెను. పిమ్మట లక్షమందికి పైగా జనులు వీధులకెక్కి తమ పాలకులను నిలదీసిరి. వారు అడిగినది వాన ఎందులకు కురిసినదని కాదు, మాకెందులకు చెప్పలేదని.

బుడమేరు గండ్లు పడుచున్నవని తమకు ముందుగ చెప్పినవారు లేరని సింగునగర వాసులును మొఱపెట్టిరి. వలెన్సియాకును విజయవాడకును భాష వేఱు, మొఱ యొక్కటే.

చెప్పుటవలన ప్రయోజనమేమి యని తలయూచు నిరాశావాదులకు మన తీరమే ప్రత్యుత్తరము. 1977 లో దివిసీమలో పదివేలమంది చనిపోయిరి. 1996 నవంబరు 6వ తేదీన కోనసీమపై తుపాను పడినపుడు వేయిమందికి తక్కువకాకుండ పోయిరి. 2025 లో మొంథానాడు మన రాష్ట్రమున ప్రాణనష్టము వ్రేళ్లపై లెక్కింపదగినంత మాత్రమే. గాలి మెత్తబడినదని కాదు. ఉపగ్రహములు చూచినవి, అధికారులు చాటించిరి, జనులు నమ్మిరి, ఆశ్రయములు సిద్ధముగ నుండెను. తుపాను విషయమున మన ప్రభుత్వములును మన ప్రజలును సాధించిన ఈ విజయమును మేము మనసార కొనియాడుచున్నాము. ఆ విద్యయే వఱదకును, ఎండకును, మెల్లగ ఎక్కు ఉప్పునకును ఏల చాలకపోయెను? తుపానునకు పేరున్నది, రెండుదినముల ముందు పత్రికలలో బొమ్మ పడును. ఉప్పునకు పేరులేదు. ఏటికి ఒకింతగ, ఒక బావినుండి మఱియొక బావికి, చడిచప్పుడు లేక నడచును. అట్టిదానిని జనులకు చూపవలెననిన పనిగట్టుకొని చెప్పువాడొకడు కావలెను.

చెప్పుట ప్రభుత్వపు దయ కాదు, విధి. 1991 లో ఎం. సి. మెహతా వ్యాజ్యమున సుప్రీంకోర్టువారు పర్యావరణమును గూర్చిన సందేశములను ప్రతి సినిమాశాలయందును ఉచితముగ చూపవలెననియు, రేడియో టెలివిజనులలో చెప్పవలెననియు, పాఠశాలలలో బోధింపవలెననియు ఉత్తరువు చేసిరి. మూడు దశాబ్దములు దాటినవి. పుస్తకములలోనికి పాఠమైతే వచ్చినది. పరీక్షరాసి పిల్లవాడు దానిని మఱచును. సినిమాశాలలో పొగాకు త్రాగరాదను బొమ్మను ప్రతి ఆటకును చూచుచున్నాము. అది మంచిదే, మేము వలదనము. కాని కొల్లేటిని గూర్చిగాని ఎండను గూర్చిగాని ఏలూరి తెరపై బొమ్మ చూచినవారెవరైనను ఉన్నచో మాకు వ్రాయుడు, సంతోషముతో ప్రకటింతుము. రాజ్యాంగమున 48ఎ అధికరణము ప్రభుత్వమునకును, 51ఎ అధికరణము పౌరునకును ఈ బాధ్యతను విధించుచున్నవి. 2024 మార్చిలో రంజిత్‌సింహ్ వ్యాజ్యమున ఆ న్యాయస్థానమే ఇంకొక మెట్టెక్కి, శీతోష్ణస్థితి మార్పువలన కలుగు కీడునుండి రక్షణ పొందుట సమానత్వపు హక్కులోను ప్రాణహక్కులోను చేరియున్నదని తీర్పుచెప్పినది. హక్కు ఉన్నదని తెలియనివానికి హక్కు ఉండి ఏమి ఫలము?

ఇక దేశాభిమానులైన మిత్రులు కొందఱు వేయు ప్రశ్న ఒకటి కలదు. 'పొగ విడిచినది పడమటివారు. రెండువందల యేండ్లు బొగ్గు కాల్చి భాగ్యవంతులైరి. సగటు అమెరికనుడు నేటికిని సగటు భారతీయునికంటె ఆఱేడింతలు పొగ విడుచుచున్నాడు. మనకేల ఈ ఉపదేశము?' ఈ మాటలో సగము పరమసత్యము; దానిని మేము వారికంటె గట్టిగ చెప్పుదుము. నాడు మన నీలిని, ప్రత్తిని పట్టుకొనిపోయినవారు నేడు మన వాతావరణమును సహితము పట్టుకొనిపోయిరి. 2022 లో ఈజిప్టులో నష్టపరిహారనిధి యని పేరుపెట్టిరి. 2024 లో బాకు నగరమున, 2035 నాటికి ఏటికి 30 వేల కోట్ల డాలర్లు సమకూర్తుమని వాగ్దానము చేసిరి. అది చాలదని భారతదేశపు ప్రతినిధి సభలోనే నిరసించెను. 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు పారిసు ఒడంబడికనుండియే వైదొలగుచున్నామని చేవ్రాలు చేసెను. ఇట్టివారిని నిలదీయవలసినదే.

అయితే కొల్లేటిలో కట్టలు వేసినది అమెరికావారా? తమ్మిలేటి గట్టున చెత్త పోసినదియు, బుడమేటి గర్భమున ఇండ్ల స్థలములు అమ్మినదియు ఇంగ్లండువారా? పొగ వారిది, కట్ట మనది. వారి తప్పును విచారించుటకు అంతర్జాతీయ సభలున్నవి. మన తప్పును విచారించుటకు మనమే ఉన్నాము. వారి బాకీ వసూలగువఱకు మన యింటి కప్పును నేయకుండ కూర్చుందుమనుట స్వాభిమానము కాదు, సోమరితనము. వాదించుట మా వృత్తియే గనుక చెప్పుచున్నాము. ప్రతివాదిపై ఎంత గట్టి వాదమున్నను వాన ఆగదు.

ఇంత వ్రాసినపిదప కొల్లేటి బీదలను మఱచితిమను నింద మాకు రాకూడదు. సరస్సును నమ్ముకొన్న వడ్డీ కులస్థులు తాటిదోనెలపై తిరిగి, మావులు పెట్టి, కొరమేను, జెల్ల, వాలుగ పట్టి తరతరములుగ జీవించిరి. వారు కొల్లేటిని చెఱుపలేదు. 1970 దశకపు నడుమ ప్రభుత్వమువారే సంఘములు పెట్టించి, సరస్సు గర్భమున చెఱువులు త్రవ్వుడని ప్రోత్సహించిరి. కొన్నియేండ్లకు పేరు సంఘముది, చెఱువు పట్టణపు ధనికునిది అయినది. సంఘసభ్యుడు తన చెఱువునకే కావలి కూలివాడయ్యెను. 2006 లో సుప్రీంకోర్టు ఉత్తరువులపై యంత్రములు వచ్చి కట్టలను పగులగొట్టినపుడు పెట్టుబడిదారుడు వేఱొక వ్యాపారము చూచుకొనెను. కూలి పోయినది లంకలవారికి. పిదప కట్టలు మరల లేచినవి. ఎవరి ధనముతో లేచినవో ఊరందఱికిని తెలియును. 2025 నాటికిని ఆ వివాదము సుప్రీంకోర్టులో నడచుచునే యున్నది.

మూడవ కాంటూరు బీదలకొఱకని చెప్పు పెద్దలను మేమొక్కటి యడుగుచున్నాము. గీతను దింపినచో అభయారణ్యపు విస్తీర్ణము సగమునకు మించి తఱుగును. ఆ బయటపడిన నేల ఎవరి చేతులలోనికి పోవును? బీదవాని చేతిలో నిలుచునని హామీయిచ్చు నిబంధన యొక్కటి యేని వారి తీర్మానములో చూపగలరా? వఱద వచ్చినపుడు మొదట మునుగునది గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక, కొక్కిరాయిలంక. పెట్టుబడిదారుని మేడ కాదు. బీదలకొఱకు చేయదలచినచో సరస్సులో సాంప్రదాయక వేటహక్కును వ్రాతపూర్వకముగ వడ్డీలకే ఈయుడు. అభయారణ్యమునకు లోబడిన జిరాయితీ భూములకు సరియైన పరిహారము చెల్లింపుడు. ఆటపాకలో గూడబాతులను చూడవచ్చు యాత్రికులవలన వచ్చు రాబడిలో లంకలకు పాలు పెట్టుడు. ఈ మూడింటిని చేయక గీతను మాత్రము దింపుదుమనుట బీదవాని భుజముపై తుపాకి పెట్టి కాల్చుటయే.

మనమేమి చేయగలమని పఠనమందిరములలో ఈ పత్రికను చదువువారు అడుగుదురు. వారి కీ నాటి పని గ్రంథాలయములలోనే ఉన్నది. ఆంధ్రదేశమున గ్రంథాలయము ఊరక పుస్తకముల బీరువాగ ఎన్నడును ఉండలేదు. 1930 దశకమున పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలలో పడవపై గ్రంథాలయమును నడపి, పడవల ప్రయాణికులకును కాలువగట్టు పల్లెలకును పుస్తకములందించిరి. చదువురానివానికి చదివి వినిపించుట నాటి కార్యకర్తల వాడుక. నేడు అట్టి పడవలు లేవు, ప్రతి చేతిలోను సెల్‌ఫోనున్నది. అందులో కొల్లేటిని గూర్చి తప్ప అన్నియు ఉన్నవి. వారమున కొకదినము, సాయంకాలము ఒక్క గంట, వాతావరణశాఖవారి సూచనను, తమ్మిలేటి జలాశయపు నీటిమట్టమును, ఉప్పుటేటి నీటి ఉప్పదనమును చదివి వినిపించి నల్లబల్లపై వ్రాసిపెట్టుట ఏ గ్రంథాలయమునకు అసాధ్యము? ఉప్పదనమును కొలుచు చిన్న సాధనము చెఱువురైతులందఱి యొద్దను ఉన్నది. కళాశాలల విద్యార్థులున్నారు, తాడేపల్లిగూడెముననే జాతీయ సాంకేతిక విద్యాసంస్థయు, దాని చేరువ వెంకటరామన్నగూడెమున ఉద్యాన విశ్వవిద్యాలయమును ఉన్నవి. వారి పండితులు ఆంగ్లమున వ్రాయు పత్రములలో పదియవవంతు తెలుగున వచ్చి పెద్దింట్లమ్మ జాతరలో పంచబడినచో, ఫాల్గుణమున కొల్లేటికోటకు వచ్చు జనసందోహములో వినువారికి కొదువయుండదు.

దీనికంటెను సులభమైనది, ముందుగ చేయదగినది ఒకటి కలదు. ప్రతి లంకలోను పాఠశాల గోడపై, ఏలూరి ప్రతి పేటలోను కూడలి స్తంభముపై, మూడు గీతలు గీయవలెను. ఒకటి, ఈ చోటు సముద్రమట్టమునకు ఎన్నడుగుల ఎత్తున నున్నదో. రెండవది, ఈ చోట మనుష్యులకు గుర్తున్న పెద్ద వఱద ఎంతవఱకు వచ్చినదో, ఏ సంవత్సరమున వచ్చినదో. మూడవది, ఏ గీత తాకగనే ముదుసళ్లను, పిల్లలను, పశువులను ఎచ్చటికి తరలింపవలెనో. కొలతలు జలవనరులశాఖవారి యొద్ద నున్నవి. వఱద గుర్తులు ముసలివారి యొద్ద నున్నవి. ఈ రెండింటిని కలుపుటకు ఒక అధికారియు ఇద్దఱు స్వచ్ఛంద సేవకులును చాలుదురు. అప్పుడు అయిదవ కాంటూరనగా నేమి యని ఎవ్వరిని అడుగనక్కఱలేదు. బడికిపోవు పిల్లవాడు తన తలను గీతకు ఆనించి చూచుకొనును.

నైరృతి ఋతుపవనము ప్రవేశింపకముందే ఈ పని తమ్మిలేటి వంతెనవద్ద ఆరంభింపవలసినదని ఏలూరు నగరపాలకసంఘమువారిని కోరుచున్నాము. నిచ్చెన పట్టుకొనుటకు మా మిత్రులు వత్తురు. రంగునకు ధనము లేదందురేని వెల మేమిత్తుము.